కోసమ్‌డీహ్ బాంధ్‌లో వాలుగ

వియ్యంకుడు రామమూర్తి రాయపూర్ స్టేషన్లో రైలు దిగేసరికి ఆయన భుజాన పొడుగాటి నల్లసంచి ఒకటి వేలాడుతోంది. కూలీ చెయ్యి చాపితే బట్టల పెట్టె ఇచ్చాడు గానీ ఆ సంచి ఇవ్వలేదు. "ఇందులో గాలం కర్రలున్నాయి బాబూ, వీటిని నేను తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు" అని తెలుగులోనే చెప్పాడు. కూలీకి ముక్క అర్థం కాకపోయినా పెద్దాయన ముఖం చూసి నవ్వి ఊరుకున్నాడు.

ఆయన్ని ఇంటికి తీసుకెళ్లడానికి సుభద్ర, ఆమె భర్త మురళీమోహన్ వచ్చారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు దివ్యని రామమూర్తి కొడుక్కిచ్చి ఏడాది దాటింది. పిల్లలిద్దరూ కాకినాడలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్లి అక్కడే జరగడంతో వియ్యాలవారు రాయపూర్ చూడటం ఇదే మొదలు. మోకాళ్ల నొప్పులని ఆయన భార్య రాలేదు. హోలీ వెళ్లిన వారానికి ఆయన ఒక్కడే బయల్దేరి వచ్చాడు.

రామమూర్తిది ధవళేశ్వరం. కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మంచి మనిషి, మాటకారి. ఏ మాట మొదలుపెట్టినా గోదావరి దగ్గరికి వెళ్లి ఆగుతుంది. బీర్‌గావ్‌లో సుభద్ర ఇంట్లో మొదటి రోజు భోజనం దగ్గరే పులస గురించి, వరద గురించి, తన గాలానికి పడిన చేపల గురించి చెప్పాడు. సుభద్ర తండ్రి దానయ్య ఎదురుగా కూర్చుని, ఎడంచేత్తో చెంచా పట్టుకుని తింటూ అన్నీ విన్నాడు.

దానయ్యది పలాస వైపు. పెళ్లికి ముందే రాయపూర్ వచ్చి రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో ఫిట్టరుగా చేరి, అక్కడే ముసలివాడయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆదివారం వస్తే ఖారూన్ నది ఒడ్డున ఉండేవాడు. పెళ్లయ్యేదాకా సుభద్ర కూడా తండ్రి పక్కనే కూర్చుని గాలం వేసేది. రైల్వే కాలనీలో ఆ తండ్రీకూతుళ్ల చేపల కోసం జనం గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. రెండేళ్ల కిందట దానయ్యకి పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం సరిగ్గా ముడుచుకోవు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పడు. ఎవరైనా గాలం ఊసెత్తితే, "ఈమధ్య మనసు పుట్టట్లేదు" అంటాడు.

మర్నాడు మురళి వియ్యంకుణ్ని ఖారూన్ చూపించడానికి తీసుకెళ్లాడు. మార్చి నెల, నది సన్నబడి ఉంది. రామమూర్తి ఘాటు మెట్ల మీద నిలబడి అటూ ఇటూ చూసి, "ఇదేనా అండీ నది? మా పంటకాలవ ఇంతకంటే వెడల్పుంటుందండి బాబూ" అన్నాడు. ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ, "చెల్లెమ్మా, నీళ్లు లేని చోట, పరాయి ఊళ్లో ఇన్నేళ్లు ఎలా గడిపారమ్మా?" అని అడిగాడు. జాలిగానే అడిగాడు, అందులో ఎగతాళి లేదు.

సుభద్రకి ఆ జాలే గుచ్చుకుంది.

"మాకిది పరాయి ఊరు కాదన్నయ్యగారూ. నేను పుట్టిందిక్కడ, చదివిందిక్కడ. నీళ్లంటారా, ఉన్నాయి. ఆదివారం నాకు సెలవు. పెద్ద బాంధ్ ఒకటుంది, వెళ్దాం. పక్కా."

ఆమె ఉర్లాలో ఒక ఉక్కు మిల్లులో క్రేను నడుపుతుంది. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద తిరిగే క్రేను అది. దాని కేబిన్లో కూర్చుని, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల్ని ఒకచోట నుంచి ఎత్తి ఇంకోచోట పెట్టాలి. ఆ షెడ్డులో క్రేను ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమే. నేర్చుకుంటానన్నప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు బరువైన ఎత్తుడు ఏదైనా ఉంటే "దీదీ షిఫ్టుకి ఉంచండి" అంటారు. అంత ధైర్యమున్న మనిషి, మాట ఇచ్చేశాక కొంచెం కంగారు పడింది. కోసమ్‌డీహ్ బాంధ్ అనే ఆ జలాశయం పేరు వినడమే గానీ ఆమె ఎన్నడూ చూడలేదు. దానయ్యా చూడలేదు. మురళి టాటీబంధ్‌లో లారీల ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడి డ్రైవర్లు ఆ దారిలో పెద్ద చేపలు కొన్నామని చెప్పగా విన్నాడు, అంతే.

"బాబాయ్‌గారూ, మీరు కూడా రావాలండి. మీరొక గాలం, నేనొక గాలం. చూద్దాం ఎవరిది ముందు మునుగుతుందో" అన్నాడు రామమూర్తి ఉత్సాహంగా. ఎడంచేత్తో తినడం అలవాటనుకున్నాడే గానీ, ఆయనకి కుడిచేతి సంగతి తెలియదు.

దానయ్య కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని, "వస్తాను బాబూ. నేనెందుకు రానూ?" అన్నాడు.

ఆదివారం తెల్లారకముందే సుభద్ర అటక మీది గాలాల కట్ట దింపింది. తండ్రి పాత ఇనుప రీలుకి నూనె పెట్టింది. పాత తంగుసు దారం పెళుసుబారి ఉంటే తీసేసి, ముందురోజు కొనితెచ్చిన కొత్తది చుట్టింది. మురళి ఆఫీసు బొలేరో అడిగి తెచ్చాడు. ధర్సీవా దాటి, పెద్ద రోడ్డు వదిలి, కోతకొచ్చిన గోధుమ చేల మధ్య నుంచి వెళ్తే ఎర్రమట్టి కట్ట కనిపించింది. రామమూర్తి కట్ట ఎక్కి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అవతలి ఒడ్డు పలచని నీలిగీతలాగా ఉంది.

"నీళ్లున్నాయండోయ్" అన్నాడు.

కట్ట కింద నీడలో ఒక నడివయసు మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. ఆ ఊరి చేపలవాళ్ల సంఘం మనిషి, పేరు ప్రేమ్‌చంద్. సుభద్ర అతని దగ్గరికి వెళ్లి ఛత్తీస్‌గఢీలో పలకరించింది.

"గరీ ఖేలే బర్ ఆయె హవ్ కా?" అని అడిగాడతను. గాలం వేయడాన్ని ఇక్కడివాళ్లు గరీ ఆడటం అంటారు. ఆమె అవునంది. ఒడ్డు నుంచి గాలమైతే ఎవరూ ఏమీ అనరనీ, సంఘంవాళ్ల వలల జోలికి మాత్రం పోవద్దనీ చెప్పి అతను మళ్లీ పనిలో పడ్డాడు.

రాతికట్టు పక్కన లోతు బాగా ఉంటుందని రామమూర్తి అక్కడ దిగాడు. నల్లసంచి జిప్పు తీసి రెండు కర్రలు బిగించి, ఒక్క విసురులో ఎర దూరంగా వేశాడు. తంగుసు గాలిలో ఈలవేస్తూ పోయింది. చేయి తిరిగినవాడని చూడగానే తెలిసిపోతుంది.

దానయ్య ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచాడు. సుభద్ర కర్ర అందించింది. విసిరేటప్పుడు తంగుసుని చూపుడువేలితో అదిమిపట్టి సరైన క్షణంలో వదలాలి. ఆయన వేలు అదమలేదు. సీసం గుండు ఎక్కడికీ పోకుండా కాళ్ల ముందు బురదలో టప్‌మని పడింది. మళ్లీ చుట్టాడు, మళ్లీ విసిరాడు. ఈసారి గాలం ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలుకే తగులుకుంది.

రామమూర్తి చూశాడు. చూసి, ఏదో చిక్కు పడ్డట్టు గబగబా తన రీలు వైపు వంగి దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. అక్కడ చిక్కేమీ లేదు.

తువ్వాలులోంచి గాలం తీస్తూ సుభద్ర మెల్లగా అంది: "నాన్నా, ఇటియ్యి. నేనేస్తాను."

దానయ్య కర్ర వదల్లేదు. పాతికేళ్లుగా ఎవరూ ఆయన చేతిలోంచి కర్ర తీసుకోలేదు. ఆమె చెయ్యి అలాగే చాచి నిలబడింది.

"నీకింకా గుర్తుందేటి?" అన్నాడు చివరికి.

"ఉందో లేదో నువ్వే చూడు."

మొదటి విసురు వంకరగా పోయింది. రెండోది పర్వాలేదు. మూడోది తిన్నగా, దూరంగా వెళ్లి పడింది. దానయ్య కుర్చీలో కూర్చుని, "మణికట్టు ఇంకా కొంచెం వదులు చెయ్" అన్నాడు.

ఎండెక్కింది. రామమూర్తి గాలానికి మధ్యమధ్యలో జెల్లలు పడుతున్నాయి. అరచేతంత, జానెడంత, మీసాలు ఊపుకుంటూ వస్తున్నాయి. వాటి ముల్లు గుచ్చుకోకుండా రెక్కల కింద పట్టుకుని బుట్టలో వేసుకుంటున్నాడు. సుభద్ర బెండు మాత్రం అలాగే నీళ్ల మీద కునుకుతోంది. దానయ్య ఎడమకి వెయ్యమన్నాడు, వేసింది. రాళ్ల పక్కకి వెయ్యమన్నాడు, వేసింది. ఏమీ లేదు.

"ఖారూన్లో అయితే నీళ్లు ఎక్కడ తిరుగుతాయో అక్కడ చేపుంటాది. ఇక్కడ నీళ్లకి కదలికే నేదు. దీనికి ముందేటి, ఎనకేటి?" అని విసుక్కున్నాడాయన. "నాకీ నీళ్లు తెలవవమ్మీ. నన్నడక్కు."

తండ్రి నోట తెలవదన్న మాట రావడం ఆమెకి నచ్చలేదు. కర్ర మురళి చేతికిచ్చి, చెప్పులు విడిచి, ఒడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లింది. నీళ్లు తగ్గిన చోట బురద నెర్రెలు విచ్చి ఉంది. ఒక మలుపు దాటాక నీళ్లలోంచి మొద్దులు పైకి పొడుచుకొచ్చి కనిపించాయి. ఎండిపోయి వెండిరంగు తిరిగిన పెద్ద చెట్ల మొదళ్లు. మొదట అడవేమో అనుకుంది. నిలబడి చూసేకొద్దీ అవి చెల్లాచెదురుగా లేవని తెలిసింది. రెండు వరసలుగా ఉన్నాయి. వరసల మధ్య ఒక్క మొద్దు కూడా లేదు. ఆ రెండు వరసలూ కలిసి నీళ్లలోకి దిగి, కొంత దూరం పోయి, ఎడమవైపు వంపు తిరిగాయి.

ఆమె వెనక్కి పరుగులాంటి నడకతో ప్రేమ్‌చంద్ దగ్గరికి వెళ్లి, ఆ మొద్దుల మధ్య ఏముండేదని అడిగింది.

"పహిలీ ఉహాఁ నర్వా రిహిస్" అన్నాడతను. బాంధ్ కట్టకముందు అక్కడ వాగు పారేదట.

"నాన్నా, లే! నువ్వొచ్చి చూడాలి" అంటూ తండ్రి దగ్గరికి వచ్చింది. దానయ్య చేతికర్ర పట్టుకుని, గట్టు మీద ఒక్కో అడుగూ ఆనించుకుంటూ నడిచాడు. కుర్చీ మోసుకుంటూ మురళి వెనకాల వచ్చాడు. మొద్దులు కనపడగానే ముసలాయన ఆగిపోయాడు.

"ఏరుమద్ది" అన్నాడు. "ఈ సెట్టు యేటి గట్టునే పెరుగుతాది."

"అదే నాన్నా! కింద ఏరుంది. అటో గట్టు, ఇటో గట్టు. నీళ్లు పైన పరుచుకున్నాయి గానీ కింద ఏరు అలాగే ఉంది. ఇప్పుడు చెప్పు, ఏట్లో చేప ఎక్కడుంటుంది?"

దానయ్య కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాడు. కళ్లు చికిలించి వరసల వెంట చూపు పోనిచ్చాడు. పని చెయ్యని చేతిని పనిచేసే చేత్తో పట్టుకుని ఉన్నవాడల్లా ఎడంచెయ్యి విడిపించుకుని, చాచి చూపించాడు.

"ఒంపు తిరిగిన కాడ. లోపలి పక్క కాదు, బయటి పక్క. అక్కడ నీళ్లు కోసేసి గుంట చేసుంటాయి. మొద్దులున్నాయి, నీడుంది. వాలుగుంటే ఆ గుంటలో ఉంటాది. దానికి వానపాము సాలదు, సేప కావాల."

ఎరచేప కోసం సుభద్ర చిన్న గాలం కట్టింది. గోధుమపిండి ముద్ద బఠాణీ గింజంత తీసి దానికి గుచ్చి, దగ్గర్లో ఉన్న మొద్దు పక్కన వదిలింది. బెండు పడీపడగానే వణికింది. వెండిబిళ్లలాంటి పరిగె తళతళలాడుతూ పైకొచ్చింది. మళ్లీ వేసింది, ఇంకొకటి. మొద్దుల చుట్టూ అవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. చిన్నప్పటిలాగా ఆమెకి నవ్వొచ్చేసింది. "నాన్నా, చూడు! ఇంకొకటి!" అంటోంది. పొద్దున్నుంచీ ముడుచుకుని ఉన్న దానయ్య ముఖం విచ్చుకుంది. మురళి నీళ్ల బకెట్టు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, "బస్ బస్, కూరకి సరిపోతాయి" అన్నాడు.

"కూరకి కాదు. వీటితో ఇంకోణ్ని పిలుద్దాం" అంది.

పెద్ద గాలానికి ఒక పరిగెని వీపు దగ్గర గుచ్చి, ఒంపు బయటి పక్కకి విసిరింది. మొదటిసారి మొద్దుకి దగ్గరగా పడితే జాగ్రత్తగా లాగేసి మళ్లీ వేసింది. రెండోసారి దానయ్య తలాడించాడు. ఇక చెయ్యాల్సింది కూర్చోవడమే. తెచ్చుకున్న పులిహోర తిన్నారు. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది, నీళ్లు బూడిదరంగు తిరిగాయి. రామమూర్తి దూరం నుంచి చెయ్యెత్తి ఏమైనా ఉందా అన్నట్టు ఊపాడు. సుభద్ర లేదన్నట్టు ఊపింది.

బెండు మునగలేదు. పక్కకి నడిచింది. ఎవరో చేత్తో పట్టుకుని తీసుకెళ్తున్నట్టు, తొందర లేకుండా, గాలికి ఎదురుగా నడిచింది. సుభద్ర లేచి నిలబడింది. ఆమె తండ్రి వైపు చూడలేదు. బెండు ఒక్కసారి కిందికి వెళ్లిపోయింది. ఆమె కర్రని గట్టిగా పైకి ఎత్తింది.

నేలనే లాగినట్టయింది. తర్వాత ఆ నేల కదిలింది. రీలు కీచుమంటూ తిరిగింది. తంగుసు నీళ్లని కోసుకుంటూ లోపలికి పోయింది. కర్ర విల్లులా వంగింది.

"అమ్మో, ఏంటిది!" అన్నాడు మురళి.

చేప నేరుగా మొద్దుల వైపు పోతోంది. అందులో దూరిందంటే తంగుసు ఏదో వేరుకి చుట్టుకుని తెగిపోతుంది. ఎదురు లాగాలని ఆమె భుజాలు తొందరపడ్డాయి. కానీ చేతులు ఒప్పుకోలేదు. క్రేను కొక్కేనికి వేలాడే బరువు ఊగడం మొదలుపెడితే ఎదురు లాగకూడదని ఆమెకి తెలుసు. అది ఎటు ఊగితే క్రేను కూడా అటే నడిపి, దాని మీదికి వెళ్లి, అప్పుడు అణచాలి. చేప ఎటు పోతుందో అటే ఒడ్డు వెంట నడిచింది. నడుస్తూ తంగుసు చుట్టుకుంటూ, మొద్దుల వరసకి ఆవలిపక్కకి చేరింది. నేల అయిపోయింది. పాత ఏటిగట్టు నీళ్లలోకి దిగే చోట ఆమె కూడా దిగింది. మోకాళ్లు, తొడలు, నడుము.

"సుభద్రా! వదిలెయ్! పడిపోతావ్!" మురళి అరిచాడు.

"అల్లుడూ, నువ్వూరుకో" అన్నాడు దానయ్య. కుర్చీలోంచి లేచి చేతికర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. "ఏటి సెయ్యాలో దానికి తెలుసు."

ఇప్పుడు ఆమె ఉన్నచోట నుంచి లాగితే చేప మొద్దుల్లోంచి బయటికే రావాలి. మొదటిసారి లాగింది. కదల్లేదు. "ధీరే, ధీరే" అని తనలో తనే అనుకుంటూ బరువుని అలాగే ఆపి ఉంచింది, కుదుపు లేకుండా. ఆ బరువు అవతల ఊపిరి తీసుకుంటున్నట్టు తెలుస్తోంది. చాలాసేపటికి అది ఒక బారెడు ఇటు వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది.

రామమూర్తి తన కర్రలు రెండూ అక్కడే వదిలేసి, పంచె ఎగ్గట్టుకుని రాళ్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. తనతో తెచ్చుకున్న చేతివల పట్టుకుని నీళ్లలోకి దిగాడు. చేప మొదటిసారి పైకి తేలింది. వెడల్పాటి నోరు, పొడుగాటి మీసాలు, వెండిరంగు ఒళ్లు. తోకతో ఒక్క చరుపు చరిచి మళ్లీ మునిగింది. నీళ్లు ఆయన ముఖాన కొట్టాయి.

"చెల్లెమ్మా, ఇది వలలో పట్టదమ్మా!" అని వల ఒడ్డుకి విసిరేశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతులకి చుట్టుకున్నాడు. "దీని నోట్లో పళ్లుంటాయి, నువ్వు తల దగ్గరికి రాకు. నా వైపు తోక తిప్పు చాలు. తొందర లేదు. నీ ఇష్టం వచ్చినప్పుడు తిప్పు."

ఆమె ఇంకో రెండుసార్లు దాన్ని పోనిచ్చింది. మూడోసారి తిరిగినప్పుడు కర్రని పక్కకి వంచి మెల్లగా నడిపించుకుంటూ గట్టు వారకి తెచ్చింది. రామమూర్తి తువ్వాలు చుట్టిన రెండు చేతులతో తోక మొదట్లో పట్టుకుని, వెనక్కి నడుస్తూ, కాలు జారి బురదలో కూలబడ్డాడు. పట్టు మాత్రం వదల్లేదు. మురళి కూడా చెయ్యివేశాడు. ముగ్గురూ కలిసి దాన్ని గడ్డి మీదికి లాక్కొచ్చారు.

సుభద్ర చతికిలబడింది. చీర నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుంది. వేళ్ల మీద తంగుసు కోసిన చోట నెత్తురు చెమర్చింది. ఎదురుగా వాలుగ. దానయ్య దగ్గరికొచ్చి తన చేతికర్రని దాని పక్కన పడుకోబెట్టాడు. కర్ర కంటే చేప జానెడు పొడుగుంది. ఆయన కూతురి తల మీద ఎడంచెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

"ఒంపు నువ్వు చెప్పావు కాబట్టి" అంది ఆమె.

"నాను సెప్పింది ఒంపు ఒక్కటే. మిగిలిందంతా నీదే" అన్నాడు. "నానైతే ఎదురు లాగి తెంపుకునేవాణ్ని."

అరుపులు విని ప్రేమ్‌చంద్ వచ్చాడు. చేపని చూసి, వాలుగని అక్కడివాళ్లు పిలిచే పేరుతో "పఢినా!" అని ఒక్క మాట అని, చుట్టూ తిరిగి చూశాడు. సంఘంవాళ్ల కాటా తెప్పించి వేలాడదీస్తే పద్నాలుగు కిలోల దగ్గర ముల్లు ఆగింది. వలలకి ఇంతకంటే పెద్దవి పడ్డాయి గానీ, గరీ ఆడి ఇంతది తీసినవాళ్లని ఈ బాంధ్‌లో చూడలేదన్నాడు. ఎవరు పట్టారని అడిగి, మగవాళ్ల ముగ్గురి వైపూ వరసగా చూశాడు.

దానయ్య ఛత్తీస్‌గఢీలో, అందరికీ వినపడేలా చెప్పాడు: "మోర్ బేటీ ఆయ్."

నా కూతురు. ప్రేమ్‌చంద్ సుభద్ర వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆమె తడి చేతులతో తిరిగి జోడించింది.

రామమూర్తి ఒళ్లంతా బురదతోనే ఫోను తీసి ధవళేశ్వరానికి వీడియో కాల్ చేశాడు. "ఏమేవ్, ఇటు చూడు! నేను కాదే, నేను కాదు. మన చెల్లెమ్మ పట్టింది! మన దివ్య వాళ్లమ్మ! ఏట్లో నడుము లోతు దిగి పట్టింది!" ఆ తర్వాత దివ్యకి చేశాడు. ఆపైన తన గోదావరి స్నేహితులందరికీ చేశాడు. ప్రతివాడికీ, "నలభై ఏళ్లకి పైబడి గాలం వేస్తున్నాను, గాలానికి ఇంత వాలుగ పడితే చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాయపూర్లో నీళ్లెక్కడివనుకున్నాన్రా" అని చెప్పాడు. సుభద్ర వింటూనే ఉంది. ఆమెకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ప్రేమ్‌చంద్ ఇంటికి పెద్ద ముక్క కోసి ఇచ్చి, మిగిలింది బీర్‌గావ్ తీసుకొచ్చారు. చింతపండు పులుసు పెట్టి, దించేముందు ఆవ కలిపింది సుభద్ర. వీధిలో ఆరేడు ఇళ్లకి గిన్నెలు వెళ్లాయి. పక్కింటి ఒడియా ఆవిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, చేప ఎంతుందో ఫోటోలో చూపించమని కూర్చుంది. రామమూర్తి తిరుగు టికెట్టు ఇంకో వారం తర్వాతకి మార్చుకున్నాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ నలుగురూ కోసమ్‌డీహ్ వెళ్లారు. ఈసారి పరిగెలు, నాలుగు జెల్లలు తప్ప ఏమీ పడలేదు. దానయ్య పొట్టి కర్ర ఒకటి ఎడంచేత్తో పట్టుకుని ఒడ్డు వారనే బెండు వేసుకుని కూర్చున్నాడు. పది గజాల దూరమే పడుతోంది. పరిగె ఒకటి చిక్కితే దాన్ని కూడా రామమూర్తికి ఎత్తి చూపించాడు.

మధ్యాహ్నం బిలాస్‌పూర్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కొందరు గాలాలు పట్టుకుని ప్రేమ్‌చంద్ చుట్టూ చేరారు. అతను మొద్దుల ఒంపు వైపు చెయ్యి చూపిస్తూ, పోయిన వారం ఇక్కడ ఒక దీదీ పఢినా పట్టిన కథ చెబుతున్నాడు. రెండు చేతులూ బార్లా చాపి కొలత చూపించాడు. చాలలేదనిపించి పక్కవాణ్ని కూడా చేతులు చాపమన్నాడు.

సుభద్ర నవ్వుతూ లేవబోయింది. "అంత లేదని చెప్పొస్తాను నాన్నా."

దానయ్య ఆమె కొంగు పట్టుకుని ఆపాడు.

"ఉండే. ఆణ్ని సెప్పనీ."

ఆమె మళ్లీ తండ్రి పక్కన కూర్చుంది. ఇద్దరూ అటు తిరిగి చివరిదాకా విన్నారు.